దుప్పి, లేడి, అయ్యాల్, తబితా: సెమిటిక్ భాషల్లో జింకకి అసలు మూలపదం ఏది?

ఒంగోలు_తబిత:
అందరికీ నమస్తే. ఒక డౌట్ చాన్నాళ్ళుగా బుర్ర తొలిచేస్తుంది, ఇక్కడ భాషల మీద పిచ్చి ఉన్నవాళ్ళు ఉన్నారని తెలిసి అడుగుతున్నా. మా నాన్నమ్మ రోజూ పొద్దున్నే కీర్తనలు పైకి చదివేది, 42వ కీర్తన మొదటి మాట నన్ను నిద్రలో లేపి అడిగినా చెప్తా, "దుప్పి నీటివాగుల కొరకు ఆశపడునట్లు". అలాగే హబక్కూకు ఆఖర్లో "నా కాళ్లను లేడికాళ్లవలె చేయును". మొన్న హీబ్రూ మాట చూపించే యాప్ ఒకటి ఫోన్లో వేసుకుని ఈ రెండు చోట్లా నొక్కి చూస్తే రెండూ ఒకే మాట! ఒకచోట అయ్యాల్, ఇంకోచోట దాని ఆడరూపం బహువచనం అయ్యాలోత్. మరి మనకి ఒకచోట దుప్పి ఇంకోచోట లేడి ఎలా అయింది? అరబిక్‌లో, దాని చుట్టాల భాషల్లో కూడా ఇదే మాటేనా? ఇంకోటి కూడా ఉంది, నా పేరుకి జింక అనే అర్థం అని చిన్నప్పట్నుంచి వింటున్నా. తబితాకీ అయ్యాల్‌కీ ఒక్క అక్షరం కలవట్లేదు కదండీ.

ఆటోనగర్_ఆది:
అయ్యాల్ అంటే అయ్యలే కదక్కా. జింకలకి కూడా మర్యాద ఇచ్చే భాష హహహ

శబ్దశోధి:
ఆదీ, నవ్వులాటకి అన్నా సగం నిజం చెప్పావు, కిందికి చదువు.

తబిత గారూ, మీ పేరు సంగతి కాసేపు పక్కన పెడదాం, అది వేరే మాట, దానికి మళ్ళీ వస్తా. ముందు అయ్యాల్. హీబ్రూలో మగది అయ్యాల్, ఆడది అయ్యాలా. సిరియాక్‌లో (అరమాయిక్‌లో ఒక శాఖ, కేరళ సిరియన్ క్రైస్తవుల పాత ఆరాధన భాష) అయ్‌లా. ఉగరిత్ (సిరియా తీరంలో ఒక పాత నగరం) మట్టిపలకల మీద అయ్‌ల్. బాబిలోను, అష్షూరు వాళ్ళు మాట్లాడిన అక్కాడియన్‌లో, ఆదీ విను, అచ్చంగా "అయ్యలు". అరబిక్ నిఘంటువుల్లో అయ్యిల్, ఇయ్యల్, ఉయ్యల్ అని మూడు ఉచ్చారణలు. ఇథియోపియా పాత భాష గీజ్‌లో హయ్యల్. వీటన్నిటినీ పక్కపక్కన పెట్టుకుని ఏ భాషలో ఏ శబ్దం ఎలా మారిందో లెక్క వేస్తూ వెనక్కి వెళ్తే *అయ్యల్- అనే రూపం మిగుల్తుంది. ముందు ఆ చుక్క ఎందుకంటే ఇది ఎక్కడా రాసి ఉన్న మాట కాదు, లెక్కగట్టి తీసింది. సెమిటిక్ (ఈ భాషలన్నీ కలిసిన కుటుంబం పేరు) జంతువుల పేర్ల మీదే మిలితరెవ్, కోగన్ అనే ఇద్దరు 2005లో ఒక పూర్తి సంపుటం వేశారంటే ఈ పని ఎంత ముదిరిందో చూడండి.

అక్కాడియన్‌లో చివర వచ్చే "ఉ" మన రాముడులో "డు" లాంటి విభక్తి గుర్తు, మాటలో భాగం కాదు. సిరియాక్‌లో చివరి "ఆ" కూడా అంతే, అతుకు. వాటిని తీసేస్తే అన్నీ ఒకే అచ్చులోంచి పడ్డట్టు ఉంటాయి.

ఇక్కడ తెలుగువాళ్ళకి ఒక ఇబ్బంది ఉంది, మనం "అయ్యల్" అని రాస్తే మొదటిది అచ్చు అనుకుంటాం. వాళ్ళకి అది హల్లు, అలిఫ్, గొంతు ఒక్క క్షణం మూసి వదలడం. మనకీ ఆ శబ్దం ఉంది కానీ అక్షరం లేదు. ఎవరైనా ఇంకొంచెం అన్నం పెట్టమంటారా అంటే నోరు తెరవకుండా "ఉఁ, ఉఁ" అని వద్దంటాం చూడండి, రెండు ఉఁల మధ్య గొంతు టక్కున ఆగుతుంది, ఆ ఆగడమే అలిఫ్.

ఆటోనగర్_ఆది:
అక్కాడియన్‌లో అయ్యలు అంటే ఇక అనుమానమేముంది, మనవాళ్ళే అక్కడికి వెళ్ళి నేర్పారు. అన్నిటికీ మూలం తెలుగే, ఫిక్స్

శబ్దశోధి:
రాదేమో అనుకున్నా, వచ్చేసింది. తమ్ముడూ, ఇంగ్లీషులో బ్యాడ్, పారసీలో బద్, మనం బద్నాం బద్మాష్ అంటామే ఆ బద్. శబ్దమూ ఒకటే, అర్థమూ ఒకటే, అయినా రెండింటికీ చుట్టరికం లేదు, ఉత్త యాదృచ్ఛికం. ఒక్క మాట కలిస్తే ఏమీ తేలదు, వరసగా కలవాలి. తమిళం పాల్, తెలుగు పాలు, కన్నడం హాలు. తమిళం పులి, తెలుగు పులి, కన్నడం హులి. ఎక్కడ మనకి ప ఉందో అక్కడ కన్నడంలో హ, ఒకసారి కాదు వందసార్లు. దాన్ని బట్టి చుట్టాలంటాం. నీ అయ్యలుకి అలాంటి వరస ఏదన్నా ఉంటే పట్రా, చూద్దాం.

ఆటోనగర్_ఆది:
సర్లే, జోక్ అన్నా

అబుదాబి_సుబ్బయ్య:
నేను 12 ఏళ్ళుగా ఇక్కడ పనిచేస్తున్నా, అరబ్బీ సైటు మీద సరిపడా వచ్చు, మరీ పండితుణ్ణి కాదు. ఇక్కడ ఎవరిని అడిగినా జింకని గజాల్ అంటారు, ఈ అయ్యిల్ అనే మాట నేను ఒక్కసారి కూడా వినలేదు. మా ఫోర్‌మన్ సిరియా ఆయన, ఇందాక టీ టైములో అడిగా. ఆయన నవ్వి, అది టీవీలో మంచు దేశాల్లో చూపిస్తారే, కొమ్ములు ఎండిన చెట్టులాగా కొమ్మలు కొమ్మలుగా ఉంటాయి, అది అన్నాడు. ఇక్కడ ఇసకలో అవెక్కడ ఉంటాయి. అంటే అరబ్బీలో ఆ మాట పుస్తకాల మాటేనా?

నల్లమల_బీటు:
ఈ చర్చలో నేను దూరొచ్చా? భాషలు నాకు రావు గానీ జింకలు వచ్చు, అడవి శాఖలో బీటు డ్యూటీ. సిరియా ఆయన చెప్పిన తేడానే అసలు తేడా. కొమ్మల కొమ్ములు ఉండేవి ఒక కుటుంబం, మన చుక్కల దుప్పి, కణుజు ఆ జాతివి. వాటికి కొమ్ము ఏటా ఊడి పడిపోద్ది, మళ్ళీ మొలుస్తది, కొత్తగా మొలిచేటప్పుడు పైన మెత్తగా వెల్వెట్ గుడ్డలాగా చర్మం ఉంటది, చెట్లకేసి రుద్దుకుని పోగొట్టుకుంటాయి. రెండోది కృష్ణ జింక, చింకారా. వాటి కొమ్ము ఊడదు, కొమ్మలు వెయ్యదు, లోపల ఎముక, పైన డొల్ల, మేక కొమ్ము లెక్క. అవి మేకకి దగ్గర చుట్టాలు, దుప్పికి కాదు.

మనం మాత్రం అన్నిటినీ జింక అనే అంటాం. ఆంధ్రా రాష్ట్ర జంతువు కృష్ణ జింక, తెలంగాణ రాష్ట్ర జంతువు జింక అని రాస్తారు, అది చుక్కల దుప్పి. ఒకటే పేరు, కుటుంబాలు రెండు. బైబిలు తెలుగు చేసినవాళ్ళని ఏమంటాం ఇంక, మా రిజిస్టర్లలోనే ఈ గోల తప్పదు.

శబ్దశోధి:
బీటు గారూ మీరు దూరడమేంటి సార్, మీరు లేకపోతే ఈ థ్రెడ్ గాల్లో ఉండేది. మీరు చెప్పిన ఆ గీతే సెమిటిక్ భాషల్లో కూడా ఉంది. *అయ్యల్- కొమ్ము ఊడేదానికి, అంటే ఎర్ర దుప్పి, పారసీక దుప్పి లాంటివాటికి. అడవులు, కొండవాగులు ఉన్న సిరియా, లెబనాన్, ఉత్తర ఇరాక్ వైపు అవి ఉండేవి. కొమ్ము ఊడని గజెల్‌కి పూర్తిగా వేరే మాట, తబిత గారి పేరు అందులోంచి వచ్చింది.

ఇప్పుడు సుబ్బయ్య గారి ప్రశ్న. జనం కదిలి దక్షిణానికి అరేబియా ఎడారిలోకి వెళ్ళారు. మాట కూడా వెళ్ళింది. దుప్పి వెళ్ళలేదు! అయ్యిల్ అనే మాట కవిత్వంలో నిఘంటువుల్లో మిగిలింది, ఎదురుగా జంతువు లేదు, అందుకే పాత అరబ్బీ నిఘంటుకారులు దాన్ని కొండమేకల్లో మగది అన్నట్టు వివరిస్తారు. ఉచ్చారణ మూడు రకాలుగా ఉండటానికి కూడా ఇదే కారణమని నా అభిప్రాయం, రోజూ నోట్లో నానే మాట అయితే ఏదో ఒకదాని మీద స్థిరపడి ఉండేది. ఇథియోపియాలో అయితే ఇంకా విచిత్రం, సహారాకి దక్షిణాన కొమ్ము ఊడే జాతి ఒక్కటీ సహజంగా లేదు, మొత్తం ఆఫ్రికాలో ఉన్నది అల్జీరియా ట్యునీషియా వైపు మాత్రమే. అందుకని గీజ్ హయ్యల్ కొండమేక మీదికి జరిగిపోయింది. దాని మొదట్లో అలిఫ్ పోయి హ రావడం కూడా నియమానికి లొంగదు, అది అలా మొండిగా కూర్చుని ఉంటుంది.

చార్మినార్_చాయ్:
సలాం అందరికి. గజాల్ మాట వచ్చింది కాబట్టి, గజల్ అంటే బాణం తగిలిన జింక ఆఖరి కూత అని ముషాయిరాల్లో మస్తు చెప్తరు. అది నిజమా, ఉత్త కథనా? మన సినారె కూడ తెలుగులో గజళ్ళు రాసిండు కద, అప్పటి సంది నాకు ఈ డౌట్.

శబ్దశోధి:
కథే భాయ్, అందమైన కథ. గజల్ అంటే ప్రేమ కబుర్లు, సరసం. గజాల్ అనే జంతువు పేరు దానికంటే పాతది, అక్కాడియన్‌లో ఉజాలు అంటే గజెల్ పిల్ల, అదే మాట. రెండూ అరబ్బీలో వినడానికి పక్కపక్కన పడ్డాయి కాబట్టి కవులు ఊరుకోలేదు. కవుల్ని మనం మాత్రం ఆపగలమా.

చార్మినార్_చాయ్:
షుక్రియా. దిల్ టూట్‌గయా గాని పర్వాలే.

ఒంగోలు_తబిత:
అందరూ కలిసి నా పేరుని మర్చిపోయారు.

శబ్దశోధి:
లేదండీ, దానికోసమే ఈ మెట్లన్నీ. కొంచెం పెద్దగా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

అరబ్బీలో గజెల్‌కి గజాల్ కాక ఇంకో పాత మాట ఉంది. రాత ప్రకారం మొదటి అక్షరం జా (ظ), మన ఉర్దూవాళ్ళు "జబీ" అంటారు, అరబ్బులు నాలుక పళ్ళ మధ్య పెట్టి బరువుగా "ధ" లాగా పలుకుతారు. ఈ అక్షరం మూల సెమిటిక్‌లోని ఒక బరువైన శబ్దానికి వారసుడు. ఆ శబ్దం హీబ్రూలో స (ఇప్పటి వాళ్ళ నోట్లో త్స) అయింది, అక్కాడియన్‌లో కూడా స లాంటిదే, అరమాయిక్‌లో మాత్రం బరువైన త అయింది. చాయ్ భాయ్ మీరు మధ్యాహ్నం చదివే జుహర్ నమాజు తీసుకోండి. అరబ్బీ జుహ్ర్, హీబ్రూలో మధ్యాహ్నం సొహొరాయిమ్, అరమాయిక్‌లో తిహ్రా. ఇంకోటి, కోర్టులో నాజరు గారుంటారే, ఆ నాజిర్, "నజర్" పెట్టేవాడు. అదే ధాతువు హీబ్రూలో న-స-ర్, అరమాయిక్‌లో న-త-ర్, కాపలా కాయడం. మనకి పాలు హాలు, వాళ్ళకి జ స త. వరస కుదిరిందా?

ఇప్పుడు గజెల్‌ని పెట్టండి. అరబ్బీ జబీ. హీబ్రూ సెవీ (ఇప్పుడు త్స్‌వీ అంటారు, యూదుల్లో మగపిల్లల పేరు). అక్కాడియన్ సబీతు. అరమాయిక్ తబ్యా, ఆడది తబీతా. అపొస్తలుల కార్యాలు 9లో యొప్పేలో ఉన్న ఆవిడ ఊరి భాషలో తబితా. గ్రీకువాళ్ళకి అర్థం కావడానికి పక్కనే దొర్కా అని రాశారు, అదీ గజెలే. జీవశాస్త్రంలో ఒక గజెల్ జాతికి ఇప్పటికీ దోర్కాస్ అనే పేరు. అంటే మీది అయ్యాల్ జింక కాదు, కొమ్ము ఊడని జింక. బీటు గారి లెక్కలో కృష్ణ జింక వైపు.

ఒంగోలు_తబిత:
అబ్బ! మా పెదనాన్న కూతురి పేరు దొర్కా! ఇద్దరికీ ఒకే పేరు పెట్టారన్నమాట, ఇంట్లో ఎవరికీ తెలీదు.

శబ్దశోధి:
ఆగండి, ఇంకోటి ఉంది. సుబ్బయ్య గారూ, మీరుండే ఊరు పేరు అరబ్బీ బోర్డు మీద ఎలా ఉంటుందో ఒకసారి చూసి చెప్పండి.

అబుదాబి_సుబ్బయ్య:
ఏముంది, అబూ... అరెరె. అబూ, తర్వాత ఆ జా అక్షరమే, తర్వాత బా, యా. పన్నెండేళ్ళ నుంచి రోజూ బస్సు మీద చూస్తున్నా సార్!! అబూ అంటే తండ్రి. జింకల తండ్రా?

శబ్దశోధి:
అదే. మన రాతలో "దాబి", మీ పక్కనున్నవాళ్ళ నోట్లో "ధబీ", తబిత గారి పేరులో "తబి". ఒకటే మాట.

అబుదాబి_సుబ్బయ్య:
ఇక్కడ ఒక కథ చెప్తారు. 1761లో బనీ యాస్ తెగ వేటగాళ్ళు జింక వెంట పడుతూ ఈ దీవిలోకి వచ్చారంట, అది వెళ్ళి ఆగినచోట మంచినీళ్ళ బుగ్గ కనపడిందంట, ఆ నీళ్ళకి కాపలాగా బురుజు కట్టారు, అదే ఇప్పటి కస్ర్ అల్ హోస్న్ కోట. నేను మా పిల్లల్ని తీసుకెళ్ళి చూపించా కూడా. ఇక్కడ ఎండాకాలం నీళ్ళ విలువ తెలిసినోడికి ఆ కథ వేరేగా వినపడుద్ది. దుప్పి నీటివాగుల కొరకు అని తబితమ్మ మొదట్లో రాసింది చూసి నాకు అదే గుర్తొచ్చింది.

పాస్టరుగారబ్బాయి:
ఆలస్యంగా వచ్చా. సెమినరీలో రెండేళ్ళు హీబ్రూ చదివా, మార్కులు అడక్కండి. శబ్దశోధి గారికి ఒక ప్రశ్న. సెవీ అంటే అందం, మహిమ అని కూడా ఉంది. దానియేలు 11లో ఇశ్రాయేలు దేశాన్ని ఎరెస్ హస్సెవీ అంటాడు, అందమైన దేశం అని. మా సార్ అయితే జింక అందంగా ఉంటుంది కాబట్టి ఆ అర్థం వచ్చిందని చెప్పారు. క్లాసంతా ఆమేన్ అన్నాం.

శబ్దశోధి:
ఆమేన్ వెనక్కి తీసుకోవాల్సిందే. ఇక్కడే అరమాయిక్ సాక్షిగా పనికొస్తుంది. జింక అరమాయిక్‌లో త తో ఉంది, తబ్యా. కోరుకోవడం, ఇష్టపడటం అనే మాట అరమాయిక్‌లో స తో ఉంది, సెబా. అందం అనే సెవీ ఈ రెండోదాని చుట్టం. మూలంలో రెండు వేర్వేరు శబ్దాలు, హీబ్రూలో రెండూ స లో కలిసిపోయాయి, దాంతో రెండు మాటలు ఒకేలా కనపడుతున్నాయి. మన దగ్గర కూడా బండి ఱ, మామూలు ర కలిసిపోయాక ఎన్ని మాటలు కవలలైపోయాయో. అఱచేయిలో ఉన్నది ఏ ర అని ఇప్పుడు ఎవరికి పట్టింది.

పాస్టరుగారబ్బాయి:
బాగుంది. అయితే నా దగ్గరా ఒకటుంది, మీరు అయ్యాల్ దగ్గర వదిలేశారు. అయ్యాల్ అంటే దుప్పి, అయిల్ అంటే పొట్టేలు. అచ్చులు గుర్తులు పెట్టకుండా రాస్తే రెండూ ఒకేలా ఉంటాయి, అలిఫ్ యోద్ లామెద్ అంతే. అచ్చుల గుర్తులు తర్వాత ఎప్పుడో తిబెరియలో పండితులు పెట్టారు. అంతకుముందు చదివేవాడు సందర్భం చూసి ఊహించుకోవాలి. విలాపవాక్యాలు 1:6లో అధిపతుల్ని మేత దొరకని వేటితోనో పోలుస్తాడు. ఇప్పటి హీబ్రూ పాఠం దుప్పులు అంటుంది. పాత గ్రీకు అనువాదం చేసినవాళ్ళు అవే అక్షరాలు చూసి పొట్టేళ్ళు అని రాసేశారు, లాటిన్‌లోనూ పొట్టేళ్ళే.

నల్లమల_బీటు:
మేత లేక తిరగడం రెండింటికీ సరిపోద్ది కదా, వాళ్ళ తప్పేముంది.

ఆటోనగర్_ఆది:
రాజుగారి డిన్నర్‌లో అయితే రెండూ సరిపోతాయి. ఆకలేస్తుంది ఈ థ్రెడ్ చదువుతుంటే

శబ్దశోధి:
డిన్నర్ అన్నావు కాబట్టి. క్రీ.పూ. 9వ శతాబ్దంలో అష్షూరు రాజు రెండో అషుర్‌నసిర్‌పాల్ కల్హు (ఇప్పటి నిమ్రుద్) అనే ఊళ్ళో కొత్త రాజభవనం కట్టుకుని గృహప్రవేశం చేశాడు. 10 రోజులు, 69,574 మంది భోజనాలు. ఏమేం వండారో రాయి మీద చెక్కించాడు, ఆ రాయి 1951లో ఇరాక్‌లో నిమ్రుద్ తవ్వకాల్లో దొరికింది. పెళ్ళి క్యాటరింగ్ లిస్టులాగా సాగుతుంది, అందులో దుప్పులు 500, గజెల్స్ 500, విడివిడిగా రెండు పద్దులు. సొలొమోను రోజువారీ భోజనం లెక్కలో కూడా (1 రాజులు 4) అయ్యాల్, సెవీ, యహ్మూర్ అని మూడు వేర్వేరుగా చెప్తారు. ఆ కాలం వంటవాడికి కూడా ఏది ఏదో స్పష్టంగా తెలుసు.

నల్లమల_బీటు:
యహ్మూర్ అంటే?

శబ్దశోధి:
ఎర్రనిది అనే ధాతువు. పాతకాలంలో ఏ జంతువో అన్నదాని మీద వాదన ఉంది, అరబ్బీలో చిన్న రో దుప్పిని అంటారు, ఇప్పటి హీబ్రూలో పారసీక దుప్పిని.

నల్లమల_బీటు:
పారసీక దుప్పి నాకు తెలుసు, ట్రైనింగులో చెప్పారు. అంతరించిపోయిందనుకుని వదిలేస్తే 1956లో ఇరాన్‌లో ఖుజెస్తాన్ నదుల పక్క పొదల్లో కొన్ని కనపడ్డాయి. వాటిలో నాలుగింటిని 1978లో, అక్కడ విప్లవం ముదురుతున్న రోజుల్లో, విమానంలో ఇజ్రాయెల్ తీసుకెళ్ళారు. మంద పెంచి 1996 నుంచి గలిలయ కొండల్లో వదలడం మొదలుపెట్టారు. అప్పటిదాకా అక్కడివాళ్ళకి పేరుంది, ఎదురుగా జంతువు లేదు.

పాస్టరుగారబ్బాయి:
ఇప్పుడు తబిత గారి 42వ కీర్తనకి వెనక్కి వస్తా, నేను వచ్చిందే దానికోసం. హీబ్రూలో ఆ వాక్యం "కెఅయ్యాల్ తఅరోగ్" అని మొదలవుతుంది. కె అంటే వలె. అయ్యాల్ మగ దుప్పి. తఅరోగ్ అంటే దాహంతో అల్లాడుతుంది, కానీ ఆ క్రియ స్త్రీలింగం! వాళ్ళ భాషలో క్రియ కర్తకి సరిపడాలి, మగదైతే యఅరోగ్ అనాలి. రాముడు వచ్చింది అన్నట్టుంది. క్లాసులో ఇది చూసి నేను అచ్చు తప్పేమో అనుకున్నా.

చాలామంది పండితులు ఇచ్చే సమాధానం ఇది. మొదట్లో అక్కడ ఉన్నది అయ్యెలెత్, ఆడ దుప్పి. అయ్యెలెత్ చివర త, తఅరోగ్ మొదట త. కాపీ చేసేవాడి కన్ను రెండు త ల మధ్య జారింది, ఒక త రాసి ముందుకెళ్ళిపోయాడు. ఒక్క అక్షరం పోయింది, ఆడది మగదైంది. క్రియ మాత్రం అలాగే సాక్షిగా మిగిలింది.

శబ్దశోధి:
ఇది చెప్తారనే ఎదురుచూస్తున్నా. దీనికి బయటి సాక్షి కూడా ఉంది. సిరియా తీరంలో రాస్ షమ్రా దగ్గర 1928లో ఒక రైతు నాగలికి రాయి తగిలి పాత సమాధి బయటపడింది, మరుసటి ఏడు తవ్వకాలు మొదలైతే ఉగరిత్ నగరం బయటికొచ్చింది. క్రీ.పూ. 12వ శతాబ్దం మొదట్లో నాశనమైన ఊరు. అక్కడి మట్టిపలకల్లో బయలు దేవుడి కథలో మృత్యుదేవత మోత్ తన ఆకలి గురించి గొప్పలు చెప్పుకుంటాడు. కొలను అడవి ఎద్దుల్ని లాగినట్టు, నీటి బుగ్గ ఆడ దుప్పుల మందని లాగినట్టు అంటాడు. అక్కడి మాట "అయ్‌ల్త్", చివర త ఉంది, ఆడవే. పైగా తన ఆకలికి వాడిన మాట "నప్‌ష్". కీర్తనలో "నా ప్రాణము" అన్నచోట హీబ్రూలో ఉన్నది నఫ్‌షీ, అదే మాట! దుప్పి, నీళ్ళు, ప్రాణం, మూడూ కలిసి ఒక పాత వాడుకగా ఆ ప్రాంతమంతా తిరుగుతుండేవన్నమాట. ఒకచోట మృత్యువు నోట, ఇంకోచోట భక్తుడి నోట.

ఉగరిత్ లిపికి ఇంకో మేలు ఉంది, దాన్లో అలిఫ్‌కి మూడు అక్షరాలు, అ ఇ ఉ. అందుకే మొదటి అచ్చు అ అని గట్టిగా చెప్పగలుగుతున్నాం, అచ్చులు రాయని మిగతా లిపుల్లో అది కూడా ఊహే.

చార్మినార్_చాయ్:
అదే లైనుల ఉన్న అడవి ఎద్దు మాట ఏంది?

శబ్దశోధి:
రుమ్. హీబ్రూ రెఏమ్, తెలుగు బైబిల్లో గురుపోతు. అక్కాడియన్ రీము, అడవి ఎద్దే. అరబ్బీలో మాత్రం రీమ్ అంటే తెల్ల జింక, ఆడపిల్లల పేరు కూడా. ఎడారిలో అడవి ఎద్దు లేదు కదా, మాట ఉన్నదాని మీద కూర్చుంది. దుప్పికి జరిగిందే దీనికీ జరిగింది.

ఒంగోలు_తబిత:
ఒక చిన్న విషయం గమనించారా? తెలుగులో ఆ తప్పు కనపడనే కనపడదు. దుప్పి ఆశపడుతుంది అంటే మగదైనా ఆడదైనా మనకి ఒకటే, జంతువు ఏదైనా "ది" నే కదా. మా నాన్నమ్మ చదివినప్పుడు అది ఆడదా మగదా అని ఎవరూ అడగలేదు, అడగాల్సిన పనే లేదు.

పాస్టరుగారబ్బాయి:
మా సెమినరీలో రెండు వారాలు కొట్టుకున్నది మీరు ఒక్క ముక్కలో తేల్చారు అక్కా.

నల్లమల_బీటు:
నేను చూసింది చెప్తా. ఏప్రిల్, మే నెలల్లో వాగులు ఎండిపోతాయి, మేం సాసర్ పిట్లు కట్టి ట్యాంకరుతో నీళ్ళు పోస్తాం. సాయంత్రం దుప్పుల మంద వస్తది, సరాసరి నీళ్ళ మీదికి రావు, చెట్ల అంచున నిలబడి చెవులు తిప్పుతా చాలాసేపు చూస్తాయి. పులి కూడా అక్కడికే వస్తదని వాటికి తెలుసు. నేను చూసినంత వరకు ముందు ఒక పెద్ద ఆడది అడుగేస్తది, ముందరి కాలు నేలకేసి ఒకసారి కొడతది, మళ్ళీ ఆగుద్ది. అది మూతి పెట్టాక పిల్లలు, మిగతా ఆడవి. కొమ్ముల మగది ఆఖర్న వస్తది. రాసినాయన నీళ్ళ దగ్గర కాపు కాసి చూసే ఉంటాడు, ఆడదనే రాసుంటాడు.

అబుదాబి_సుబ్బయ్య:
ఈ పోస్టు మా ఫోర్‌మన్‌కి అరబ్బీలో చెప్పడానికి ట్రై చేశా. దుప్పికి అయ్యిల్ అన్నా, ఈసారి నవ్వలేదు.

ఆటోనగర్_ఆది:
అన్నా లాస్ట్ డౌట్, నిజంగా అడుగుతున్నా జోక్ కాదు. మా క్లాస్‌మేట్ ఒకమ్మాయి పేరు యాయేలు. అది కూడా జింకేనా?

శబ్దశోధి:
కొండమేక. అరబ్బీలో వఅల్, హీబ్రూలో మొదటి వ కాస్తా య అయింది, అది ఇంకో పెద్ద వరస. వేరే థ్రెడ్ తెరువు, ఇక్కడ కలిపితే తబిత గారు ఊరుకోరు.